చేతులు చూపించిన అమ్మ

తొమ్మిదో వారం

ఎలిసో అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నాలుగేళ్ళ కూతురు లిలే ఎప్పుడో ఒకనాడు తననీ, తన బొమ్మనీ పక్కపక్కన చూసి, బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతుందేమోనని. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. జ్వరం వస్తే మందుంది. ఈ భయానికి మందు లేదు సరికదా, ఎవరికైనా చెబుదామంటే నవ్వుతారు. అందుకని రొట్టె ముక్కతో పాటు దాన్ని కూడా నమిలి మింగేసేది.

పోయిన వారం మనం ఎలిసోని తిబిలిసి స్టూడియో వెనక, సిగరెట్ల వరండాలో, ముసలి ష్మాగి ఎదురుగా నిలబెట్టి వచ్చాం. ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎలిసో తొమ్మిదేళ్ళుగా ఆ స్టూడియోలో కెమెరా ముందు కూర్చుని రులెట్ జూదపు చక్రం తిప్పుతోంది. ఆడేవాళ్ళు ఎక్కడెక్కడో వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. కిందటేడు కంపెనీ వాళ్ళు ఆమెని అద్దాల గదిలో మూడు వారాలు కూర్చోబెట్టి, నాలుగువేల వాక్యాలు చదివించి, ముఖమూ గొంతూ ఎత్తి రాసుకున్నారు. దాంతో తయారైనదాన్ని అక్కడ అందరూ 'నకలు' అంటారు. ఇప్పుడు పదకొండు బల్లల మీద నకలు ఎలిసో నవ్వుతుంది. పన్నెండో బల్ల మీద అసలు ఎలిసో నవ్వుతుంది. అరవై మంది ఉండే హాల్లో ఏడుగురు మిగిలారు.

ష్మాగి సంగతి వేరు. ఒకప్పుడు బతూమిలో సముద్రం ఒడ్డున పెద్ద జూదశాలలో నల్లకోటు వేసుకుని చక్రం తిప్పినవాడు. ఆ జూదశాల ఇప్పుడు సోఫాలు అమ్మే కొట్టు. ఆయన ఇక్కడ చక్రాలు తుడుస్తాడు. ఇంటికెళ్ళాక, తోచక, ఫోన్లో మళ్ళీ ఎలిసో నకలు ఉన్న బల్ల దగ్గరే కూర్చుంటాడు. పోయిన వారం ఆయన అన్న మాట ఇది:

"నిన్న నీ నకలు నన్ను 'దేదికో' అంది పిల్లా."

ఆ దేశంలో తండ్రి బిడ్డని 'నాన్నా' అంటాడు, నాయనమ్మ మనవరాలిని 'బెబో' అని తన పిలుపుతోనే పిలుస్తుంది. ఎవరి బంధుత్వం వాళ్ళు బిడ్డకి తొడిగి ముద్దుచేసుకుంటారు. 'దేదికో' అంటే అమ్మా అని. కన్నతల్లి తన బిడ్డని పిలుస్తుంది తప్ప, ఇంకెవరూ ఇంకెవరినీ అలా పిలవరు. ఎలిసో చదివిన నాలుగువేల వాక్యాల్లో ఆ మాట లేదు. ఆ మాట ఆమె ఇంట్లో మాత్రమే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం, భోజనాల విరామంలో, ఆమె భోజనం మానేసి బచానా గది తలుపు తోసింది.

బచానా హాలుకి అధికారి. వయసు ముప్పై ఆరు. తనూ ఒకప్పుడు చక్రం తిప్పినవాడే. బల్ల మీద కాగితం పొట్లం విప్పుకుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తున్నాడు.

"రా ఎలిసో, కూర్చో. గింజలు తింటావా?"

"తినడానికి రాలేదు బచానా గారూ. ఆ మాట ఎక్కడ దొరికింది మీకు?"

"ఏ మాట?"

"తెలీనట్టు అడక్కండి. ష్మాగి బాబాయిని నా బొమ్మ ఏమని పిలిచిందో ఆ మాట."

బచానా చేతిలో గింజని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. అతను అబద్ధం ఆడదామనుకుని మానేశాడని ఆ తిప్పడంలోనే ఎలిసోకి తెలిసిపోయింది.

"రికార్డింగు ఆఖరి రోజు గుర్తుందా? మీ పాపకి జ్వరం."

"ఉంది."

"ఫోను లాకర్లో పెట్టాలి. నువ్వు జేబులో పెట్టుకొచ్చావు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, పసిపిల్ల కదా అని. ఫోను మోగింది. మాట్లాడావు. మైకు కట్టేయలేదు." గొంతు తగ్గించాడు. "పదకొండు సెకన్లు. 'దేదికో, ఏడవకు, అమ్మ ఇక్కడే ఉంది. ఎక్కడికీ వెళ్ళకు.' అంతే."

ఎలిసో కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూలబడింది, అదృష్టం కొద్దీ ఉంది.

"దాన్ని తీసి బల్లల మీద పెట్టారా?"

"మేం పెట్టలేదు. ఒట్టు. నకలుకి మేం చెప్పేది ఒకటే, కూర్చున్నవాడు లేవబోతుంటే ఆపు అని. ఎలా ఆపాలో అదే వెతుక్కుంటుంది. జోకు వేసి చూస్తుంది, పేరు పెట్టి పిలిచి చూస్తుంది. ఈ పదకొండు సెకన్లు ఎక్కడో మూల పడి ఉంటే, వాడి చూసింది." అతను కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "అప్పటినుంచి ఇంకేదీ వాడటం లేదు."

"ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ పోయి నలభై ఏళ్ళు. ఆ ముసలాయన్ని ఆ పిలుపుతో కట్టిపడేయడానికి మీకు సిగ్గు లేదూ?"

"పడ్డాను. మొదటి వారం సిగ్గుపడ్డాను." నవ్వబోయి మానేశాడు. "బాబాయి ఒక్కడే అనుకుంటున్నావా? వార్సాలో నర్సులు, ఇస్తాంబుల్లో కూలికెళ్ళిన మనవాళ్ళు, భార్య పోయిన రైలు డ్రైవర్లు... చూడు ఎలిసో, ఓడినవాడు లేచిపోతాడు. గెలిచినవాడూ లేచిపోతాడు. పలకరింపు కోసం కూర్చున్నవాడు లేవడు. రేపటి జూదమంటే అదే. చక్రం ఊరికే తిరుగుతుంటుంది, పక్కన."

"ఆపేయండి. నా గొంతు నాకు ఇచ్చేయండి."

"సంతకం పెట్టావు కదమ్మా."

"ఈ మాటకి పెట్టలేదు!"

"అరవకు. నీకే మంచిదని చెబుతున్నా. చూడు, నిన్ను ఎంతమంది అంటిపెట్టుకుని ఉన్నారో." తెర ఆమె వైపు తిప్పాడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం. "వీళ్ళు ఆ పిలుపు విన్నాక లేవనివాళ్ళు. ఇదిగో, అందరికన్నా పైన ఉన్నవాళ్ళని చూడు. నెల రోజులుగా పొద్దున తొమ్మిదికి వస్తారు, సాయంత్రం ఐదుకి వెళ్తారు. ఒక్క పందెం కాయలేదు. కాయకపోయినా వెళ్ళగొట్టం. ఊరికే కూర్చున్నవాళ్ళు ఒకరోజు ఆడతారు."

తొమ్మిది నుంచి ఐదు. అది ఎలిసో డ్యూటీ.

పేరు ఉండాల్సిన చోట ఆ మనిషి తనకి తాను పెట్టుకున్న పేరు ఉంది. 'లిలే వాళ్ళ బెబో.'

ఎలిసో ఆ మూడు మాటల్నీ మూడుసార్లు చదివింది. లిలేకి బెబో ఒక్కతే. ఎలిసో అత్తగారు ఇజోల్దా. అప్పుడు ఆమెకి పోయిన ఆదివారం వంటింట్లో జరిగిన ముచ్చట గుర్తొచ్చింది. ఇజోల్దా చిక్కుడుగింజలు మెదుపుతూ అంది: "నీ పీడ నాకే రానీ, పనిలో ఉండి కూడా పిల్లకి భలే తినిపిస్తావే కోడలా! 'ఇంకో ముద్ద, దేదికో' అంటావు, అది నోరు తెరుస్తుంది. నేను బతిమాలితే పెదవి కూడా కదపదు." అత్తగారు వేళాకోళం ఆడుతోందనుకుంది ఎలిసో. ఏడిపించడానికి అంటోందనుకుని, విననట్టు గిన్నెలు కడుక్కుంది.

ముసలామె వేళాకోళం ఆడలేదు. ట్యాబ్‌లో ఏదో ప్రకటన నొక్కితే కోడలి ముఖం కనిపించింది, పలకరించింది, పిల్లకి అన్నం దిగింది. కోడలు కాదని ఆమెకి ఎవరు చెప్పారు?

"నాకు వినిపించండి," అంది ఎలిసో.

"ఆటగాళ్ళ మాటలు బయటవాళ్ళకి..."

"నా ముఖం, నా గొంతు, నా కూతురు. ఇందులో బయటవాళ్ళు ఎవరు బచానా గారూ? మీరే!"

అతను మీట నొక్కి, ఆ క్షణాన నడుస్తున్న మాటలు పెట్టాడు.

గదిలోకి ఎలిసో గొంతు వచ్చింది. ఎలిసో నోరు మూసుకునే ఉంది.

"...నిద్ర రావట్లేదా బంగారం?"

"రావట్లేదు." అది లిలే. ముక్కుతో మాట్లాడుతోంది, ఏడ్చి ఊరుకున్నట్టు. "అమ్మా, బెబో లేవట్లేదు."

"అలసిపోయి ఉంటుంది. పడుకోనీ."

"వంటింట్లో కింద పడుకుంది. ఊపిరి గురగురమంటోంది. పిలిస్తే చూడట్లేదు."

"పడుకోనీ దేదికో. అమ్మ ఇక్కడే ఉంది. ఎక్కడికీ వెళ్ళకు. ఇదిగో, బంతి వేస్తున్నా చూడు. ఎరుపు వస్తుందా, నలుపు వస్తుందా?"

"ఎరుపు," అంది లిలే.

బచానా చెయ్యి తగిలి పొట్లం జారి గింజలు నేలంతా పరుచుకున్నాయి.

"ఎప్పటినుంచి చెబుతోంది అది?" ఎలిసో గొంతు ఆమెకే వేరుగా వినిపించింది. "బెబో లేవట్లేదని ఎంతసేపటి నుంచి చెబుతోంది?"

అతను వేలితో తెర వెనక్కి జరిపాడు. జరిపాడు. ఇంకా జరిపాడు.

"నలభై నిమిషాలు."

*

ఆ తర్వాత జరిగినవన్నీ మూడు నాలుగు నిమిషాల్లో జరిగాయి. కానీ ఎలిసోని అడిగితే ఒక పూట పట్టిందంటుంది.

బచానా అంబులెన్సుకి ఫోను చేశాడు. బయల్దేరతాం, దారిలో దిఘోమీ దగ్గర వంతెన పని జరుగుతోంది, అరగంట పట్టొచ్చు అన్నారు. ఎలిసో ఇంటికి పరిగెత్తాలన్నా దారి అదే. ఎలిసో ఇంటికి ఫోను చేయమంది. ఇంట్లో ఉన్నది ఆ ట్యాబ్ ఒక్కటే. మోగలేదు.

"ఆటలో ఉంటే కాల్ రాదు," అన్నాడు బచానా, నేల చూస్తూ. "వస్తే లేచిపోతారని అలా పెట్టాం."

పక్కింటి త్సియాలా? ద్రాక్ష కోతలకి కాఖేతీ వెళ్ళింది. కింద అంతస్తు వాళ్ళు? వాళ్ళూ కోతలకే. అక్టోబరు మొదటి శనివారం, గ్లదానీలో ఎలిసో వాళ్ళుండే బ్లాకు బ్లాకంతా ద్రాక్ష తొక్కుతూ, పాటలు పాడుతూ, ఊళ్ళల్లో ఉంది. మొగుడు జాబా నడిపే లారీ సర్పి సరిహద్దు దగ్గర వరసలో ఉంది.

"అంబులెన్సు వాళ్ళు తలుపు పగలగొడతారు కదా?" అన్నాడు బచానా.

"ఇనప తలుపు. అత్తయ్య పగలు కూడా లోపల గొళ్ళెం వేసుకుంటుంది. కోసే మిషను తేవాలి. దానికి ఇంకో గంట." ఎలిసో అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "లిలేకి గొళ్ళెం అందుతుంది. కుర్చీ ఎక్కితే అందుతుంది. ఎవరో ఒకరు దానికి చెప్పాలి. లేచి వెళ్ళి తలుపు తీయమని చెప్పాలి. అది తీసి ఉంచితే అంబులెన్సు వాళ్ళు నేరుగా లోపలికి వెళ్తారు. ఆ దిక్కుమాలిన బొమ్మ చేత చెప్పించండి!"

"నకలు చెప్పదు. లెమ్మని చెప్పడం దానికి రాదు."

"అయితే ఆపండి!"

"మొత్తం ఆపేది మాల్టాలో ఉన్న పెద్దాఫీసు వాళ్ళు. శనివారం ఎవడు పలుకుతాడు..." అంటూనే అతను ఏదో తట్టినట్టు ఆగాడు. "బల్లకి మనిషిని పంపడం నా చేతిలో ఉంది. ఆ పాప నాలుగో బల్ల మీద ఉంది. నకలుని దించి నిన్ను కూర్చోబెడతా. పద."

నాలుగో బల్ల దగ్గర చక్రం నిజందే. దాన్ని తిప్పే ఇనప చెయ్యి నిజందే. వెనక కుర్చీ మాత్రం ఎప్పుడూ ఖాళీ. ఎలిసో రోజూ దాని పక్కనుంచి నడిచి వెళ్ళేది గానీ ఎన్నడూ ముట్టుకోలేదు. ష్మాగి చేతిలో గుడ్డతో చక్రం తుడుస్తున్నాడు.

"ఏంటి రాణీ, నీ సింహాసనం నువ్వే లాక్కోవడానికి వచ్చావా?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి గుడ్డ కింద పడేశాడు. బచానా రెండు ముక్కల్లో చెప్పాడు. ముసలాయన మారు మాట్లాడకుండా ఇనప చేతిని పక్కకి నెట్టి, కుర్చీ లాగి, మైకు ఆమె కాలరుకి, ఇయర్‌ఫోను చెవికి తగిలించాడు. ఆయన వేళ్ళు వణకలేదు. బతూమిలో ముప్పై ఏళ్ళు వణకని వేళ్ళు అవి.

"ఒకటి గుర్తుంచుకో పిల్లా. నకలు ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా మాట్లాడుతుంది. మనిషికి ఒకటే నోరు. నువ్వు ఏమన్నా, పాప ఏమన్నా బల్ల మీదున్న మూడొందల మందికీ వినపడుతుంది. ఇంటి సంగతి ఒక్కటి ఎత్తావంటే మాల్టా వాడు నిన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వడు."

"వాడి గుమ్మం నాకెందుకు బాబాయ్."

ఎర్రదీపం వెలిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటు ఎముకల్లోకి దిగిపోతుంది. బల్ల దగ్గర కూర్చున్నా, బల్ల మీంచి లేచినా, రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్ది, ముందూ వెనకా తిప్పి చూపించాలి. నా దగ్గర ఏమీ దాచుకోలేదు, చూసుకోండి అని. ష్మాగి ఇప్పటికీ రొట్టెల కొట్లోంచి బయటికొచ్చేటప్పుడు అలా చేస్తాడు, కొట్టువాడు నవ్వుతాడు. ఎలిసో ప్రతి ఉదయం పనికి బయల్దేరేముందు గుమ్మంలో లిలే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు రుద్ది, తిప్పి చూపించేది. "చూశావా, ఏమీ తీసుకెళ్ళట్లేదు. అన్నీ నీ దగ్గరే వదిలేసి వెళ్తున్నా." పిల్ల ఆ చేతుల్లోకి చూసేది. తర్వాత తలుపు మూసుకునేది. ఎలిసోకి అదొక ఆట.

తొమ్మిదేళ్ళ అలవాటు. దీపం వెలగగానే, నోటికన్నా ముందు చేతులు కదిలాయి. రుద్ది, తిప్పి, కెమెరాకి చూపించింది. చూపించానని కూడా ఆమెకి తెలీదు.

"లిలే! దేదికో! అమ్మని. నిజం అమ్మని. వింటున్నావా?"

చెవిలో పెట్టుకున్న దాంట్లోంచి ఏదో గరగర. తర్వాత సన్నటి గొంతు.

"నువ్వు కాదు."

"నేనే తల్లీ. చూడు, నేనే. ఒక్క పని చెయ్యి. వంటింట్లోంచి చిన్న కుర్చీ తెచ్చుకుని, తలుపు దగ్గర వేసుకుని..."

"నువ్వు చేతులు చూపించావు."

ఎలిసో తన చేతులకేసి చూసుకుంది.

"చేతులు చూపిస్తే వెళ్ళిపోతావు," అంది లిలే. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పినట్టు, నిదానంగా. "రోజూ అంతే. చూపిస్తావు, వెళ్ళిపోతావు. ఇక్కడ అమ్మ చూపించదు. ఇక్కడ అమ్మ వెళ్ళదు. ఆ అమ్మని పిలువు."

"వెళ్ళను, లిలే. ఒట్టు. ఈసారి ఎక్కడికీ వెళ్ళను. నువ్వు తలుపు తీశావంటే డాక్టరు మామయ్యలు వస్తారు, బెబోని లేపుతారు."

"ఎక్కడికీ వెళ్ళొద్దంది అమ్మ."

"అది నేను కాదు! అది..." ఎలిసో ఆగింది. నాలుగేళ్ళ పిల్లకి ఏమని చెప్పాలి? నీకు నెల రోజులు అన్నం తినిపించింది మనిషి కాదని చెప్పాలా? "సరే. అమ్మే వెళ్ళొద్దంది. ఇప్పుడు అమ్మే వెళ్ళమంటోంది. కుర్చీ తెచ్చుకుంటావా కన్నా?"

ఆ తర్వాత వచ్చిన గొంతు ఇందాకటి పెద్ద గొంతు కాదు, పసిదాని గొంతు.

"కుర్చీ వంటింట్లో ఉంది. బెబో అడ్డంగా ఉంది. దాటాలి. నాకు భయం."

"నేను మాట్లాడుతూనే ఉంటా. నువ్వు దాటేదాకా..."

"ఆ అమ్మ అయితే భయం వేయదు. ఆ అమ్మ దగ్గరికి పోతా."

బల్ల పక్కన చిన్న తెర మీద వరసగా ఉన్న పేర్లలోంచి 'లిలే వాళ్ళ బెబో' అన్న పేరు మాయమైంది.

లేచిందా? తలుపు దగ్గరికి వెళ్ళిందా? ఎలిసో బచానా వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని తన చేతిలో ఉన్న తెర చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. నోటితో కాకుండా వేళ్ళతో చూపించాడు. ఏడు.

పిల్ల ఏడో బల్లకి వెళ్ళింది. ట్యాబ్‌లో ఇంకో బల్ల బొమ్మ నొక్కితే చాలు, అక్కడికి వెళ్ళిపోవచ్చు. నకలు మొత్తం పదకొండు బల్లల మీద ఉంది.

నాలుగు గజాల అవతల, ఏడో బల్ల తెర మీద ఎలిసో ముఖం చల్లగా నవ్వుతోంది. బచానా చేతిలో ఉన్న తెరలోంచి, ఎలిసో గొంతుతోనే, మెత్తగా వినిపించింది:

"వచ్చావా దేదికో? నీకోసమే చూస్తున్నా. ఎక్కడికీ వెళ్ళకు."

ష్మాగి గట్టిగా తిట్టాడు. తిట్టింది ఎవర్నో ఆయనకే తెలీదు. ఏడో బల్లకి పరిగెత్తి ఆ తెర వెనక తీగలు చేతికి దొరికినంతా పీకాడు. తెర ఆరలేదు. ఆ ముఖం వచ్చేది ఈ ఊరి నుంచి కాదు.

"ఏడో బల్లకి కూడా నన్ను మార్చండి!" అంది ఎలిసో.

"మారిస్తే ఎనిమిదికి వెళ్తుంది," అన్నాడు బచానా. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నువ్వు ఎక్కడికి వస్తే అక్కడినుంచి వెళ్తుంది ఎలిసో."

నాలుగో బల్ల మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మూడొందల మంది ఇంకా కూర్చునే ఉన్నారు. వాళ్ళు రాసే మాటలు తెర మీద కిందనుంచి పైకి పాకుతున్నాయి. 'ఇదేం నాటకం?' 'బంతి వెయ్యమ్మా.' 'పిల్ల గొంతు భలే పెట్టారు, కొత్త ఆటా ఇది?' 'గెలిస్తే ఎంత?' 'పాత ఎలిసోని పిలవండి, ఈమె అరుస్తోంది.' ఒకడు నవ్వే బొమ్మలు పంపాడు. ఇంకొకడు ఎరుపు మీద పందెం కాశాడు.

అంబులెన్సుకి ఇంకా ఇరవై ఆరు నిమిషాలు. మాల్టాలో ఎవరో ఒకరు ఏ క్షణాన్నైనా చూస్తారు. దీపం ఆరిపోతుంది. అప్పుడు ఆమెకి ఉన్న ఆ ఒక్క నోరు కూడా ఉండదు.

ఎలిసో బంతిని చక్రంలోంచి తీసి బల్ల కింద పడేసింది. కాలరు మైకు నోటి దగ్గరికి లాక్కుంది. కెమెరా గాజులోకి, దాని అవతల ఉన్నవాళ్ళలోకి చూసింది.

"ఇది ఆట కాదు. నాకు ఒట్లు వేసే టైము లేదు, నమ్మితే నమ్మండి. మీలో తిబిలిసిలో ఉన్నవాళ్ళు వినండి. గ్లదానీ, మూడో మైక్రో కాలనీ, అరవై రెండో బ్లాకు, రెండో గుమ్మం. తొమ్మిదో అంతస్తు, ముప్పై ఆరో నంబరు. లిఫ్టుకి నాణెం కావాలి, లేకపోతే మెట్లెక్కండి. బూడిదరంగు ఇనప తలుపు. కొట్టండి. పాప తీయదు. అయినా కొడుతూనే ఉండండి, పేరు పెట్టి పిలవండి. లిలే అని పిలవండి. దానికి మనిషి గొంతు వినపడాలి. తలుపు తీస్తే దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళండి, వంటింట్లో కింద మా అత్తయ్య ఉంది. పేరు ఇజోల్దా. పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

"మీరు దూరంగా ఉంటే దగ్గర్లో ఉన్నవాళ్ళకి చెప్పండి. మీకు నేను ఎవరో తెలీదు, నిజమే. ఏడాదిగా మీతో మాట్లాడింది నేను కాదు. ఇప్పుడు మాట్లాడుతున్నది నేను. మీరు ఎవరైనా సరే, ఉన్నచోటు నుంచి లేవండి. లేచి, ఒక్కసారి వెళ్ళి మా అత్తయ్యని చూసి రండి."